కాగితం గోదాంలో మా ఏతాం

నా పదవీ విరమణ సభలో దండ వేసిన పెద్దమనిషి, "అప్పారావుగారు ఇన్నేళ్ళూ గోదాంలో తోపుడు బండి నడిపారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, "తోపుడు బండి కాదండీ, స్టాకర్" అన్నాను. ఆయన నవ్వి మైకు పక్కవాడికి ఇచ్చేశాడు. తరవాత మిఠాయి పొట్లం చేతిలో పెట్టి పంపించారు. అందులో లడ్డూ విరిగిపోయి ఉంది. అది కూడా నాకు గుర్తే.

ఆ సభలో చెప్పనివ్వని మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు గోదాముల్లో పనికి చేరే పిల్లలకు బరువులెత్తే యంత్రాలు రకరకాలవి వచ్చాయి. మా కాలంలో, ఒడిశాలోని రాయగడ దగ్గర కాగితం మిల్లులో, మాకున్నది ఒక్కటే, అదీ కాలితో తొక్కేది. దాన్ని నడపడం నేర్పడం, దాని ఆరోగ్యం చూసుకోవడం నా ఉద్యోగం. ప్రమోషన్ల సంగతి రాయను. రెండుసార్లు రావలసింది రాలేదని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

యంత్రానికి ముందు

మిల్లులో కోసిన కాగితాన్ని రీములు కట్టి, ఆ రీములను గట్టి కాగితంలో చుట్టి, పురికొసతో బిగించి కట్టలు చేసేవారు. ఒక్కో కట్ట తలకెత్తుకుంటే మెడ నరాలు పైకి తేలేవి. వ్యాగన్లు వచ్చేదాకా వాటిని గోదాంలో ఏడు వరసల ఎత్తున పేర్చి ఉంచాలి. పేర్చేవాళ్ళు కళాసీలు. అందరూ పార్వతీపురం, పాలకొండ వైపు నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ మేస్త్రీ సింహాచలం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను "మావా" అనేవాణ్ణి, ఆయన "అల్లుడూ" అనేవాడు.

నేల మీదున్న మనిషి వంగి కట్ట ఎత్తి, మూడో వరస మీద నిలబడినవాడికి అందించాలి. వాడు నడుం తిప్పి పైవాడికి ఇవ్వాలి. పైవాడు చేతులు చాచి అందుకోవాలి. ఎన్నో ఏళ్ళు చూసి నేను తెలుసుకున్నది ఇది: తిన్నగా నిలబడి మోసే బరువుకు మనిషి ఓర్చుకుంటాడు. వంగి ఎత్తడం, ఎత్తి తిరగడం, ఈ రెండూ కలిస్తే నడుం పోతుంది. మోకాలికి దిగువనుంచి ఎత్తకూడదు, ఛాతీకి పైన అందుకోకూడదు. దీన్ని ఇప్పుడు పెద్ద చదువుల్లో చెబుతున్నారట. మాకు సింహాచలం నడుం నేర్పింది.

ఆ వానాకాలం వ్యాగన్లు ఒక్కసారిగా వచ్చాయి. గోదాం నేలంతా తడి. సింహాచలం కట్ట ఎత్తి తిరిగినవాడు తిరిగినట్టే కింద కూర్చుండిపోయాడు.

"ఏటయింది మావా?"

"ఏటీ నేదురా. నడుంలో ఏదో పుటుక్కుమంది" అని నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మిల్లు ఆసుపత్రి డాక్టరు ఇక బరువులెత్తకూడదని చీటీ రాశాడు. బరువెత్తని కళాసీకి మిల్లులో పని ఉండదు. పని లేకపోతే క్వార్టరూ ఉండదు. కొన్నాళ్ళు కట్టలు లెక్కపెట్టే పని మీద ఉంచారు గానీ, అది దయ మీద నడిచే పని అని ఆయనకూ తెలుసు, ఆయన భార్య నారాయణమ్మకూ తెలుసు.

నడుం ఎత్తున బల్ల

చలికాలంలో పెద్ద చెక్క పెట్టెలో స్టాకర్ వచ్చింది. మిగతా ఫిట్టర్లెవరూ దాన్ని ముట్టుకోలేదు. గోదాం దుమ్ములో ఎవరుంటారని వాళ్ళ ఉద్దేశం. అందుకని నాకు అంటగట్టారు. గౌరవంతో ఇచ్చారని తరవాత కొందరు చెప్పారు. అబద్ధం.

చూడడానికి సాదా వస్తువే. ముందుకు చాచిన రెండు కాళ్ళు, చక్రాలు, నిటారుగా ఒక స్తంభం, దాని వెంట గొలుసు మీద పైకీ కిందికీ జరిగే ఇనప బల్ల. కింద నూనె పంపు. కాలితో తొక్కితే సిలిండరులోకి నూనె వెళ్ళి బల్ల లేస్తుంది. చేతి మీట మెల్లగా వదిలితే నూనె వెనక్కి వచ్చి బల్ల దిగుతుంది. మా వైపు పొలాలకు నీళ్ళు తోడే ఏతాం కూడా కాళ్ళతో తొక్కేదే కదా, కళాసీలు మొదటిరోజే దీనికి ఆ పేరు పెట్టేశారు.

"ఏటల్లుడూ, ఈ ఏతాం తొక్కితే నీళ్ళొస్తాయేటి?" అన్నాడు సింహాచలం.

"నీ కూడొస్తాది మావా. తొక్కు."

"నాను మేస్త్రీని. నా సేతికింద పద్నాలుగు మంది ఉన్నారు. నాను నిలబడి కాలూపుతుంటే ఆళ్ళు నవ్వరేటి?"

"నవ్వితే నవ్వనీ. నడుం ఆళ్ళదేటి?"

మా పై అధికారి మహంతిగారు అసిస్టెంట్ ఇంజనీరు. కటక్ వైపు మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవాడు. ఆయన అందరి ముందూ ఒక మాట చెప్పాడు: సెప్టెంబరులో వచ్చే విశ్వకర్మ పూజ దాకా గడువు. ఈలోగా సింహాచలం కట్ట ఎత్తకుండా, ఈ యంత్రంతో ఏ రోజు పని ఆ రోజు పూర్తిచేస్తే ఆపరేటరుగా పేరు రాస్తాడు. చేయలేకపోతే యంత్రం వచ్చిన దారిన పోతుంది, సింహాచలం ఇంటికి పోతాడు.

నేర్పడానికి పది రోజులు పట్టింది. అసలు కిటుకు బరువెత్తడంలో లేదు. పేర్చేవాడి నడుం ఎక్కడుందో బల్లను అక్కడ ఆపడంలో ఉంది. రెండో వరస పేరుస్తున్నప్పుడు నేల మీదివాడి నడుం ఎత్తున, ఐదో వరసకు పైన నిలబడ్డవాడి నడుం ఎత్తున ఆపాలి. అప్పుడు అతను కట్టను ఎత్తక్కరలేదు, బల్ల మీదనుంచి పక్కకు జరిపితే చాలు. కట్టల బరువు స్తంభం వైపు ఉండాలి. అంచున పెడితే యంత్రం ముందుకు తూగుతుంది. బల్ల పైనుంటే బండిని తోయకూడదు, ఆ కింద ఎవరూ నడవకూడదు. షిఫ్టు అయ్యాక బల్ల నేలకు దించకుండా ఎవరూ వెళ్ళకూడదు. ఈ చివరి నియమం నేను పెట్టిందే. దీని మీద మిల్లులో నాతో దెబ్బలాడని మనిషి లేడు.

పురికొస, దుమ్ము

కొత్తవాళ్ళు పెద్ద జబ్బుల కోసం చూస్తారు. గోదాంలో యంత్రాన్ని చంపేవి చిన్నవి. తెగిన పురికొస చక్రం ఇరుసుకు చుట్టుకుంటుంది. నాలుగు రోజులు వదిలేస్తే చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. తోసేవాడు యంత్రం బరువెక్కింది అనుకుంటాడు, వాడి భుజం పోతుంది. రోజూ ఉదయం పడుకుని, చాకుతో ఆ పురికొస కోసి తీయాలి. నేను పడుకున్నప్పుడల్లా, "అప్పారావుకి తెల్లారలేదింకా" అని కళాసీలు అనేవారు. ఎవరెవరు అన్నారో పేర్లు చెప్పగలను.

రెండోది కాగితం దుమ్ము. గొలుసుకు నూనె దట్టంగా రాస్తే ఆ దుమ్ము అంటుకుని పిండి ముద్దవుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పల్చగా రాసి, మళ్ళీ తుడవాలి. ఎక్కువ నూనె రాసినవాడు ఎక్కువ శ్రద్ధ ఉన్నవాడని మా ఫోర్‌మన్ నమ్మకం. నేను పల్చగా రాస్తున్నానని నన్ను పిసినారి అన్నాడు. గొలుసు మటుకు నా మాటే వింది.

బల్ల దిగుతోంది

వానలు మొదలయ్యాక ఒకటి గమనించాను. కళాసీలు మధ్యాహ్నం అన్నానికి వెళ్ళి వచ్చేసరికి, ఐదో వరస దగ్గర ఆపిన బల్ల ఒక వేలు మందం దిగి ఉంటోంది. మీట బిగించే ఉంది, బయట నూనె చుక్క లేదు. అంటే నూనె లోపలే ఎక్కడో జారుకుంటోంది. వెళ్ళి మహంతిగారికి చెప్పాను. ఆయన వచ్చి బల్ల ఎత్తించి ఐదు నిమిషాలు నిలబడ్డాడు. బల్ల కదల్లేదు. వారం తరవాత మళ్ళీ చెప్పాను. మళ్ళీ వచ్చాడు, ఈసారి నాలుగు నిమిషాలే. నాలుగోసారి నేను లోపాల పుస్తకంలో రాశాను. దాని కింద ఆయన ఎర్ర సిరాతో, "యంత్రంలో లోపం లేదు. ఫిర్యాదు చేయడం ఇతని అలవాటు" అని రాశాడు.

"అప్పారావు, మెషిన్ సిక్ కాదు, నువ్వే సిక్" అని నోటితో కూడా అన్నాడు. అక్కడున్న ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. "ఇంకోసారి పాడైందంటే నమ్మేస్తాను. నమ్మి వాపస్ పంపేస్తాను. ఆలోచించుకో."

ఆ సాయంత్రం సింహాచలం నన్ను గోదాం వెనక్కి లాక్కుపోయాడు.

"అల్లుడూ, నీకు దండం పెడతాను, నోర్మూసుకో. నువ్వు పాడయిందని రాస్తే ఆ మహంతి బావు దాన్ని ఎనక్కి పంపుతాడు. దానెనకే నన్నూ పంపుతాడు."

"రాయకపోతే అది ఏదో రోజు ఒక్కసారిగా దిగిపోతాది మావా. ఆ టైముకి నీ కాలు దాని కింద ఉంటాది."

"కాలు పోతే కాలు పోనీ. నడుం పోయినా బతకతన్నాను కదేటి!"

"నాను రాస్తాను."

"రాయి. మా నారాయణమ్మ మూటలు కట్టుకుని నీ గుమ్మంలోకొచ్చి కూకుంటాది. దానికి నువ్వే వొండి పెట్టు."

నేను రాయడం మానలేదు, కాకపోతే ఆ నెల పుస్తకంలో రాయలేదు, సొంత నోటుబుక్కులో రాసుకున్నాను. నా జీవితంలో నేను వెనక్కి తగ్గింది అంతే. దానికి బదులు ఎత్తిన బల్ల ముందు సింహాచలాన్ని నిలబడనివ్వకుండా, పక్కనుంచే పని చేయించాను. చెప్పినప్పుడల్లా తిట్టేవాడు, తిడుతూనే జరిగేవాడు.

ఓ నాలుగు గంటలు బల్ల ఎత్తి ఉంచితే మహంతిగారికి రుజువు దొరికేది కదా అని మీరు అడగొచ్చు. పగలు అంతసేపు పని ఆపనివ్వరు. పని అయ్యాక ఎత్తి ఉంచడానికి నా నియమం ఒప్పుకోదు. రుజువు కోసమని నా నియమాన్ని నేనే తప్పితే రేపు ఎవరు పాటిస్తారు?

విశ్వకర్మ పూజ

ఒడిశాలో కార్ఖానా ఉన్న ప్రతిచోటా విశ్వకర్మ పూజ చేస్తారు. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. మర్నాడు మట్టి విగ్రహాన్ని నాగావళిలో కలిపేదాకా ఏ యంత్రం మీటా కదపరు. ఆ ఏడు మా గోదాంలో విగ్రహాన్ని ఎక్కడ పెట్టాలన్నది చర్చకు వచ్చింది. కళాసీలందరూ ఏతాం మీద పెట్టాలన్నారు. బల్ల మీద నాలుగు కాగితం కట్టలు పీఠంగా పేర్చి, పట్టుగుడ్డ కప్పి, ఆ పైన విగ్రహం నిలబెట్టారు. నలుగురికీ కనబడాలని, విగ్రహం పాదాలు మనిషి ఛాతీ ఎత్తుకు వచ్చేలా బల్లను లేపారు.

"పూజయ్యాక దించాలి" అన్నాను.

"దేవుణ్ణి దించుతావేటిరా?" అన్నాడు సింహాచలం.

"బల్లని దించుతాను. దేవుడు దాంతోపాటే వస్తాడు."

మహంతిగారు పట్టుపంచె కట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. "అప్పారావు, ఇవాళ ఒక్కరోజు రూల్సు వద్దు. ప్రభువు పైనే ఉంటాడు" అన్నాడు. అందరూ నా వైపు పాపిష్టివాణ్ణి చూసినట్టు చూశారు. బంతిపూల దండ ఒకటి విగ్రహం మెడలోంచి బల్ల అంచు దాటి వేలాడుతోంది. దాని కొస నేలకు జానెడు పైన ఉంది. ఖిచిడీ పెట్టారు. తిన్నాను, బాగుంది. దానిమీద నాకు ఫిర్యాదు లేదు.

మర్నాడు పొద్దున గోదాం ఊడ్చే సుక్రి కేకలు వేస్తూ బయటికి పరిగెత్తుకొచ్చింది. కొండ మీద పల్లె మనిషి, మాతో సగం తెలుగు, సగం దేశియా ఒడియా మాట్లాడేది.

"ఠాకుర్ తళకు ఆసిగలే! బాబూ, దేవుడు దిగిపోయినాడు!"

లోపలికి పరిగెత్తాం. బంతిపూల దండ కొస నేల మీద చుట్టలా పడి ఉంది. ముందురోజు మా ఛాతీల దగ్గరున్న విగ్రహం పాదాలు ఇప్పుడు బొడ్డు దగ్గరున్నాయి. కళాసీల్లో సగంమంది చెప్పులు విడిచేశారు. ఒకడు, మనం చేసిన తప్పేదో ఉందన్నాడు. ఇంకొకడు, కాదు, మనల్ని దీవించడానికే వంగాడన్నాడు. సింహాచలం మాత్రం నా మొహం చూసి, మెల్లగా గోడకు ఆనుకున్నాడు.

మహంతిగారు వచ్చేసరికి నేను టేపుతో కొలుస్తున్నాను. జానెడు మీద నాలుగు వేళ్ళు దిగింది. ఆయన దగ్గరికి వచ్చి, దండను చూశాడు, టేపు చూశాడు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అలా మాట్లాడకుండా ఉండడంలో ఎంత హాయి ఉందో ఆ రోజు తెలిసింది.

"నీ అలవాటు మంచిదే" అన్నాడు చివరికి. "విగ్రహం నదిలో కలిపి వచ్చాక విప్పు."

ఆయన గురించి నా తీర్పు చెప్పేస్తాను. చెప్తే వినని మనిషి. కానీ కంటితో చూసినదాన్ని లేదనే మనిషి కాదు. ఈ రెండో గుణం ఉన్న అధికారులు నాకు ముగ్గురు కూడా తగల్లేదు.

విప్పి చూస్తే

సిలిండరు విప్పేటప్పుడు మహంతిగారు, ఫోర్‌మన్, సింహాచలం చుట్టూ ఉన్నారు. లోపల నూనెను ఆపే రబ్బరు వలయం బయటికి తీశాను. నానబెట్టిన శనగల్లా ఉబ్బి మెత్తబడిపోయింది. గోరు గుచ్చితే దిగింది.

"నాసిరకం రబ్బరు" అన్నాడు మహంతిగారు. "అమ్మినవాళ్ళకి ఉత్తరం రాస్తాను. మెషిన్ వాపస్."

సింహాచలం తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు, బయల్దేరే మనిషిలాగ.

అప్పుడు నా ముక్కుకు వాసన తగిలింది. యంత్రం నూనె వాసన కాదది, ఘాటుగా ఉంది. ఎండాకాలంలో పంపు ట్యాంకులో నూనె కాస్త తగ్గితే, స్టోర్సులో సరైన నూనె లేదంటే, లారీ గ్యారేజీకి వెళ్ళి ఒక డబ్బా తెచ్చి పోశాను. బ్రేకు నూనె. నూనె నూనే కదా అనుకున్నాను. బ్రేకు నూనెకు సరిపడే రబ్బరు వేరు, ఈ యంత్రం రబ్బరు వేరు. ఇది దానిలో పడితే ఉబ్బిపోతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. పోసిన సంగతి మాత్రం నాకొక్కడికే తెలుసు.

చేతులు గుడ్డకు తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను. అమ్మినవాళ్ళ మీదికి తోసెయ్యడం ఎంత సులువో! ఆ ఉత్తరంలో నా మాటే నిజమైందని కూడా రాసేవారు.

"రబ్బరు మంచిదే సార్. తప్పుడు నూనె పడింది. బ్రేకు నూనె."

"ఎవరు పోశారు?"

"నేనే సార్."

"పుస్తకంలో రాశావా?"

"లేదు సార్."

"ఇన్ని కంప్లైంట్లు రాశావు అప్పారావు! అదొక్కటి రాయలేదా?"

ఫోర్‌మన్ ముందు నవ్వాడు. తరవాత మహంతిగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. నవ్వు అయ్యాక గొంతు మారింది. "శనివారం దాకా టైము. పొద్దున సైరన్ నుంచి సాయంత్రం సైరన్ దాకా నిండు బరువుతో బల్ల నిలవాలి. వెంట్రుకవాసి దిగినా మెషిన్ పోతుంది, సింహాచలం పోతాడు, నీ సంగతి తరవాత చూస్తాను."

బయటికి వచ్చాక సింహాచలం నా వీపు మీద ఒకటి చరిచాడు. ఆ చేతిలో బలం ఏమీ తగ్గలేదు.

"దొంగ సచ్చినోడా! మూణ్ణెల్లు ఆ మహంతి బావుని తిట్టి పోసేవు, సేసింది నువ్వా?"

"నానే మావా."

"మరెందుకు సెప్పేవు? సెప్పకపోతే నీకేటయ్యేది?"

"నాకేటీ అవదు. నువ్వు పోతావు."



శనివారం

ఆ సాయంత్రమే పాసింజరు ఎక్కి విశాఖపట్నం వెళ్ళి, సరైన రబ్బరు వలయాలు రెండు, సరైన నూనె ఒక డబ్బా కొన్నాను. వలయాలు వంగిపోకుండా టిఫిను డబ్బాలో గుడ్డ పరిచి పెట్టుకుని తెచ్చాను. పక్క సీటు ముసలమ్మ, "ఏటి నాయనా అందులో, గారెలా?" అని అడిగింది. ట్యాంకును కిరసనాయిలుతో కడుగుదామని ఫోర్‌మన్ అన్నాడు. వద్దన్నాను. పోయబోయే నూనెతోనే మూడుసార్లు కడిగి పారబోశాను. వలయం ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరు వాడలేదు, వేళ్ళకు నూనె రాసుకుని మెల్లగా ఎక్కించాను. దాని పెదవి, అంటే పల్చని అంచు, ఒత్తిడి వచ్చే వైపు తిరిగి ఉండాలి. మూడుసార్లు తీసి చూసుకున్నాను. ఒకసారి తప్పు చేసినవాడికి కలిగే భయం ఎంత మంచి పనివాణ్ణి చేస్తుందో చెప్పలేను.

శనివారం పొద్దున సైరనుకి బల్ల మీద నిండుగా కట్టలు వేసి ఛాతీ ఎత్తుకు లేపాం. మహంతిగారు స్తంభం మీద సుద్దతో గీత గీసి వెళ్ళిపోయాడు. సింహాచలం ఒక ఖాళీ పెట్టె బోర్లించుకుని దాని ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం నారాయణమ్మ అన్నం పంపింది. ఆయన మూత తియ్యలేదు.

"తిను మావా. నువ్వు సూస్తే ఒకలాగ, సూడకపోతే ఒకలాగ ఉండదు అది."

"నువ్వు నూనె పోస్తే ఒకలాగ, పొయ్యకపోతే ఒకలాగ ఉంటాది కదేటి. సూడనీ."

సాయంత్రం సైరను మోగింది. మహంతిగారు సొంత స్కేలు తెచ్చుకున్నాడు. వంగి ఒకసారి కొలిచాడు, కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచాడు. బల్ల గీత మీదే ఉంది.

"సోమవారం నుంచి దీని ఆపరేటరు ఎవరు?" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా.

సింహాచలం లేచాడు. మీట పట్టుకుని, ఒక్క కట్టా కదలకుండా బల్లను నేలకు దించాడు. నేను కూడా అంత మెల్లగా ఎప్పుడూ దించలేదు. తరవాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నానే బావూ. ఒక్కటి మాత్రం మీరు రాసియ్యాల. ఈ అల్లుణ్ణి నూనె డబ్బా దగ్గరికి రానియ్యకండి."

పద్నాలుగు మంది కళాసీలూ నవ్వారు. సుక్రి కూడా నవ్వింది. మహంతిగారు నిజంగానే రాసిచ్చాడు. సింహాచలం పూర్తి సర్వీసు చేసి తిన్నగా నడిచి ఇంటికి వెళ్ళేదాకా, నూనె బీరువా తాళంచెవి తన మొలతాడుకే కట్టుకున్నాడు. చుక్క నూనె కావాలన్నా నేను ఆయన్నే అడగవలసి వచ్చేది. ఆయన ప్రతిసారీ, "ఎందుకూ?" అని అడిగేవాడు.